ఇంటి దొడ్డికిని పొలము గట్టునకును దేశవాళి గడ్డి

గడ్డి యను మాట వినగానే రైతునకు రెండే తోచును. ఒకటి పశువుల మేత, రెండవది కలుపు. ఇంటిముందు అందమునకై గడ్డి నాటుదమన్నచో నవ్వెడివారు మన సంఘ సభ్యులలోనే చాలమంది కలరు. అయినను అమెరికా దేశమున నేడు అనేక గృహస్థులు తమ తోటలలో, ఆ నేలయందు ఒకప్పుడు తమంతట తామే పెరిగిన గడ్డిజాతులను వెదకి తెచ్చి నాటుకొనుచున్నారు. ఇది వట్టి వేడుక కాదు. దీని వెనుక ఒక దేశము తన మట్టిని పోగొట్టుకొనిన కథ కలదు. ముందుగా ఆ కథ కొంచెము చెప్పి, పిమ్మట మన దొడ్డికిని మన గట్టునకును తగిన గడ్డి యేదో, దానిని నాటు విధమెట్టిదో వివరింతుము.

ఉత్తర అమెరికా నడిమి భాగమున ప్రెయిరీ అనబడు మహా మైదానములు కలవు. తూర్పు వైపున వానలు ఎక్కువ గనుక అచట గడ్డి మనిషిని మించి పెరుగును. పడమట వానలు తక్కువ గనుక గడ్డి పొట్టిది. తూర్పుగడ్డిలో మేటియైన బిగ్ బ్లూస్టెమ్ అను జాతి ఆరడుగులు మొదలు ఎనిమిది అడుగుల వఱకు ఎదుగును; దాని వేళ్ళు అంతకంటెను లోతునకు దిగును. పైన కనబడునది సగము, క్రింద దాగినది సగము. ఆ వేళ్ళ అల్లిక వలన కొయ్యనాగలి గాని పోతయినుప నాగలి గాని ఆ నేలలో సాగలేదు. జిగట మన్ను నాగలికి అంటుకొనెడిది. 1837లో ఇల్లినాయ్ రాష్ట్రమున జాన్ డీర్ అను కమ్మరి నున్నని ఉక్కునాగలి చేసెను. అది మొదలు ఆ నేల యంతయు దున్నబడెను. ఇల్లినాయ్‌లో నేడు చెక్కుచెదరని ప్రెయిరీ వేయింట ఒక వంతైనను మిగులలేదు. పడమటి పొట్టిగడ్డి భూములనుకూడ గోధుమకై దున్నివేసిరి. 1930 తరువాత వరుసగా కఱవులు రాగా, పట్టియుంచు వేరు లేని మట్టి గాలికి లేచిపోయెను. 1935 ఏప్రిల్ 14వ తేదీన లేచిన ధూళి తుపాను పట్టపగటిని రాత్రిగా చేసెను. ఆ నెలలోనే ఆ దేశపు ప్రభుత్వము భూసార సంరక్షణకు చట్టము చేసెను.

ఈనాడు అచటివారు బ్లూస్టెమ్‌ను, స్విచ్ గ్రాస్‌ను, ఇండియన్ గ్రాస్‌ను పెరటిలో నాటుకొనుట అందమునకు అందము, ఒకసారి కుదురుకొనిన పిమ్మట నీరు పోయనక్కఱలేదను లాభమునకు లాభము. (ఆ ఇండియన్ గ్రాస్ అనునది మన దేశపుది కాదు, అమెరికా ఆదివాసులను బట్టి వచ్చిన పేరది.) వీనిలో బ్లూస్టెమ్, ఇండియన్ గ్రాస్ అనునవి మన జొన్నకును, చెఱకునకును, వట్టివేరునకును శాఖా బంధువులు. ఎండను ఓర్చుటలో ఆ పోలిక చూచినవారికి తెలియును.

ఆ విత్తనములు తెప్పించి మనమును నాటుదమా యని అడుగువారుందురు. వలదని మా అభిప్రాయము. పరదేశపు మొక్క మన నేలకు నచ్చనిచో ఖర్చు దండుగ. మరీ నచ్చినచో అంతకంటె కీడు. వయ్యారిభామ యను కలుపు అమెరికా ఖండము నుండి వచ్చినదే. 1955 ప్రాంతమున పూనాలో కనబడి నేడు మన గట్లన్నిటిని ఆక్రమించినది. అమెరికా వారి వద్ద మనము గ్రహింపదగినది వారి విత్తనము కాదు, తమ నేలలో పుట్టిన గడ్డిని గౌరవించు పద్ధతి. ఆ పద్ధతిని పట్టి చూచినచో మనకును మంచి జాతులు కొదువ లేవు. అయితే అన్నియు ఇంటికి తేదగినవి కావు. తేరాని వానిని ముందు చెప్పెదము.

రెల్లు చూచుటకు మిక్కిలి సొగసైనది. వానలు వెనుకబట్టిన తరువాత ఏటి గట్టున తెల్లని కంకులతో గాలికి ఊగుచుండగా దానిని చూచి మెచ్చని వారుండరు. చెఱకు పండించు సభ్యులు దానికి ఋణపడియున్నారు కూడ. కోయంబత్తూరు చెఱకు ప్రజనన కేంద్రమున బార్బర్, వెంకటరామన్ అను శాస్త్రజ్ఞులు చెఱకును రెల్లుతో సంకరము చేసిరి. దానినుండి వచ్చి 1918లో విడుదలయిన కో. 205 రకము వలన గట్టిదనము గల చెఱకు వంశములకు దారి ఏర్పడెను. ఇంత గొప్పదైనను రెల్లు దుంపవేళ్ళు నేలలో దూరము ప్రాకును, విత్తనము గాలికి ఎగురును. ఒకసారి పొలములో ప్రవేశించినచో తరములు పట్టును గాని పోదు. అడుగు గల సిమెంటు తొట్టిలో పెంచుకొని, కంకి విత్తు రాలకముందే కోయువారికి తప్ప తక్కినవారికి అది ఏటి గట్టుననే అందము. దర్భ సంగతియు నట్టిదే. పవిత్రమైనదని పెరటిలో నాటినవారు, అది గోడ దాటి పొరుగువాని నల్లరేగడిలో మొలచినప్పుడు తగవు తెచ్చుకొందురు. తుంగ అసలు గడ్డియే కాదు; దాని కాడను వ్రేళ్ళ నడుమ త్రిప్పి చూచినచో మూడు పలకలు తగులును. దానిని ఎవరును కోరి నాటరు గనుక విడిచిపెట్టుదము.

పెరటికి తగినవి రెండు. మొదటిది నిమ్మగడ్డి. వంటయింటి నీరు పాఱుచోట, ఎండ తగులునట్లు, రెండడుగుల యెడముగా కుదుళ్ళు పెట్టినచో నడవకు అంచువలె నుండును. ఆకు కషాయమునకు పనికివచ్చును. మూడు నాలుగేండ్లకు కుదురు నడిమి చచ్చి వెలుపలి పిలకలు మాత్రమే బ్రతికియుండును. అప్పుడు పెఱికి, చీల్చి, క్రొత్తచోట నాటవలయును. దీనిని గూర్చి ఇంతకంటె చెప్పనక్కఱలేదు.

రెండవది వట్టివేరు. ఈ పాఠమునకు ముఖ్యమైనదియు ఇదియే.

వట్టివేళ్ళ తడికలు వేసవిలో కిటికీలకు కట్టి నీళ్ళు చల్లుట, త్రాగునీటి కుండలో గుప్పెడు వేళ్ళు వేయుట మనవారికి క్రొత్త కాదు. దీని పేరు మన దక్షిణ దేశపు మాటయే. ప్రపంచమంతయు నేడు దానిని వెటివర్ అనియే పిలుచుచున్నది. కాని వేరు కొనువారికి మొక్క తెలియదు, మొక్క తెలిసినవారికి దాని శక్తి తెలియదు. ఇది గుబురుగా, నిటారుగా, నాలుగైదు అడుగులు పెరుగు గడ్డి. ఆకు అంచులు కొంచెము గరుకు. కంకి ఊదారంగు గలది. ఇది నేలపై తీగ సాగదు, నేలలో దుంప ప్రాకదు. నాటినచోటనే కుదురు లావెక్కుచుండును. దక్షిణ దేశమున సాగుచేయు రకము మొలకెత్తు విత్తనము వేయదు. ఉత్తరాదిన అడవిగా పెరుగు రకము విత్తనము వేయును. అది మనకు వలదు. కావున పిలకలు కొనునపుడు ఏ రకమో అడిగి తెలిసికొనవలయును.

దీని వేళ్ళు ప్రక్కలకు పోక నిలువుగా దిగును. మంచి నేలలో ఏడాది రెండేండ్లలోనే 10 అడుగుల లోతునకు పోవును. అందుచేత గట్టు ప్రక్క పైరు తిండిని ఇది అంతగా లాగుకొనదు. ఎండకు మాడినట్లు కనబడినను వానకు చిగుర్చును. కొన్నాళ్ళు నీట మునిగినను చావదు. నిప్పంటుకొని పైభాగము కాలినను మొదలు నుండి లేచును. దీనికి శత్రువు నీడ యొక్కటే. చింతచెట్టు క్రింద గాని, చిక్కని తోపులో గాని నాటి ఎదుగలేదని మొక్కను నిందించుట న్యాయము కాదు.

ఇక గట్టు మాట. మన ఎఱ్ఱచెలకలలో పై మట్టి లోతు తక్కువ. జూన్, జూలై నెలలలో దుక్కి వదులుగా నున్నప్పుడు ఒక జడివాన పడినచో ఎఱ్ఱని నీరు వాగులోనికి పోవుట మన మందఱము చూచుచునే యుందుము. పోయినది నీరే యని తలంతుము. లెక్క వేసి చూడుడు. ఒక ఎకరము పైనుండి రూపాయి నాణెమంత మందము మట్టి కొట్టుకొనిపోయినచో దాని తూకము సుమారు 8 టన్నులు. అంగుళము మందమైనచో 140 టన్నులు. నాణెమంత మందము పోయినట్లు ఏ కంటికిని కనబడదు. సంఘములో అప్పు తెచ్చి చల్లిన ఎరువు మాత్రము ఆ పై మట్టితోనే పోవును. అప్పు మిగులును.

దీనికి మట్టికట్టలు వేయుట మనకు తెలిసిన ఉపాయము. మట్టికట్ట మంచిదే గాని, నీరు కట్ట వెనుక నిలిచి ఒకచోట తెగినచో ఆ తెగినచోట గండి పడి, కట్ట లేకపోయినప్పటి కంటె ఎక్కువ నష్టము కలుగును. వట్టివేరు వరుస పని వేఱు. అది నీటిని ఆపదు. నెమ్మదిపఱచి, పలుచగా పఱచి, తన కాడల సందులనుండి క్రిందికి విడుచును. నీరు మందగించుటచేత దానిలోని మట్టి వరుసకు పైన దిగబడును. దిగిన మట్టి పేరిన కొలది గడ్డియు పైకి క్రొత్త వేళ్ళు వేయును. ఇట్లు కొన్ని సంవత్సరములకు వాలు పొలము తనంతట తాను మెట్టుగా మాఱును.

ఇది పుస్తకములలోని మాట మాత్రమే కాదు. కర్ణాటకమున మైసూరు దాపునగల గుండ్లుపేట ప్రాంతపు రైతులు తరతరములుగా పొలముల సరిహద్దులలో దీనిని పెంచుచున్నారు. సరిహద్దునకు దీనికంటె మంచి సాక్షి లేదు: హద్దురాయిని ఒక రాత్రిలో జరుపవచ్చును గాని పాతికేండ్ల వట్టివేరు కుదుళ్ళను జరుపలేరు. 1950 తరువాత ఫిజీ ద్వీపములలో చెఱకును కొండవాలులకు ప్రాకించినపుడు జాన్ గ్రీన్‌ఫీల్డ్ అను నిపుణుడు ఈ గడ్డిని వరుసలుగా నాటించెను. 1903 మొదలు మద్రాసు రేవు నుండి కూలీలుగా ఆ ద్వీపములకు పోయినవారిలో తెలుగువారును కలరు. వారి సంతతివారు అచట చెఱకు రైతులైరి. గ్రీన్‌ఫీల్డ్ 1980 తరువాత మన దేశమునకు వచ్చి, ప్రపంచ బ్యాంకు పక్షమున గ్రిమ్షా అను సహచరునితో కలసి ఈ పద్ధతిని ప్రచారము చేసెను. 1987లో వారు రైతు చొక్కా జేబులో పట్టు చిన్న పుస్తకము నొకదానిని వెలువరించిరి. థాయిలాండు రాజు భూమిబల్ 1991 మొదలు తన దేశమున దీనిని నాటించెను. 1996లో ఆ దేశపు చియాంగ్ రాయ్ పట్టణమున దీనిపై మొదటి అంతర్జాతీయ సభ జరిగెను. మన గట్టుమీది గడ్డి ఇంత దూరము పోయి పేరు తెచ్చుకొనగా, మన గ్రామములలో అనేకులకు దాని ఆకు గుర్తు లేదు.

నాటువిధము చెప్పెదము. వరుస గట్టు వెంబడి కాదు, సమమట్టము వెంబడి పోవలయును. ఇది మఱచినచో శ్రమ యంతయు వ్యర్థము. మట్టము పట్టుటకు యంత్రమక్కఱలేదు. ఏడేసి అడుగుల వెదురుకఱ్ఱలు రెండు తీసికొని పైకొనలు కలిపి కట్టి, క్రింది కొనలు ఆరడుగుల యెడముగా నుంచి, నడుమ అడ్డకఱ్ఱ కట్టుడు. పైకొననుండి అడ్డకఱ్ఱకు దిగువ వఱకు రాయి కట్టిన దారమును వ్రేలాడదీయుడు. నేలలో రెండు మేకులు పాతి, వానిపై కాళ్ళు నిలిపి, దారము అడ్డకఱ్ఱను తాకుచోట గీత పెట్టుడు. అవే మేకులపై కాళ్ళను తారుమాఱు చేసి మరల గీత పెట్టుడు. ఆ రెండు గీతలకు సరిగా నడిమి చోటే సమమట్టపు గుర్తు. దీనిని పట్టుకొని పొలములో ఒక కాలు ఊనియుంచి, దారము ఆ గుర్తునకు వచ్చువఱకు రెండవకాలు జరిపి అచట పుల్ల గ్రుచ్చవలెను, అట్లే సాగిపోవలెను. గాలి లేని ఉదయ కాలము ఈ పనికి మంచిది. పుల్లల వరుస వంకరగా వచ్చినదని నాగలిచాలు వలె తిన్నగా దిద్దరాదు. చిన్న వంకరలను సవరింపవచ్చును గాని పెద్ద వంపు నేల స్వభావము.

రెండు వరుసల నడుమ నేల మూడడుగులు దిగునట్లు చూచుకొనిన చాలును. నూఱడుగులకు మూడడుగులు దిగు పొలములో వరుసలు నూఱడుగుల యెడముగా నుండును. ఆఱడుగులు దిగు పొలములో ఏబది అడుగులకు ఒకటి వలయును. మొదటి విధపు పొలము నలుచదరముగా ఒక ఎకరమున్నచో దాని భుజము 208 అడుగులు, వరుసలు రెండు, మొత్తము 416 అడుగులు. ఆఱు అంగుళములకొక కుదురు చొప్పున సుమారు 830 కుదుళ్ళు. కుదురునకు రెండు మూడు పిలకలు గనుక 1,700 మొదలు 2,500 వఱకు పిలకలు కావలయును. ఇంత కొనుట భారము. కావున ముందటి ఏట చెఱువు దిగువనో, బోరు కాలువ ప్రక్కనో, నీడ లేని ఒక సెంటు నేలలో నారుమడి పెంచుకొనుట మేలు. ఇది ఒక్కొక్క సభ్యుడు వేఱువేఱుగా చేయుట కంటె సంఘము తరఫున ఒకచోట చేయుట సుఖము. అంతేకాక సమమట్టము పట్టాదారు హద్దులను ఎఱుగదు. పైవాని పొలములో ఆగని నీరు క్రిందివాని వరుసను త్రొక్కును. క్రిందివాడు నాటకున్నచో పైవాడు నిలిపిన మేలు సగమై పోవును. ఒకే వాలున పొలములున్న అయిదారుగురు కూడి ఒకే వారమున నాటినచో ఫలము బాగుగా కనబడును.

వానలు నిలకడగా పట్టిన తరువాత నాటవలెను. కుదురును పెఱికి, చేతితో గాని కత్తితో గాని రెండు మూడు పిలకల తునుకలుగా చీల్చి, ఆకును జానెడు ఎత్తునకును, వేళ్ళను నాలుగు వ్రేళ్ళ పొడవునకును కోయుడు. నాగలిచాలులో ఆఱు అంగుళములకొక తునుక పెట్టి మన్ను గట్టిగా త్రొక్కుడు. ఒక్క వరుసయే చాలును. వీలైనచో నాటునపుడు కొంచెము డి.ఏ.పి. వేయవచ్చును. మొదటి వర్షఋతువులో మేకలను దూరముగా నుంచవలెను. అసలు కష్టము ఇచట కాదు, చచ్చిన తునుకల చోట మరల నాటుటలో కలదు. మూడు వారములకు ఒకసారి వరుస వెంట నడచి ఖాళీలు పూరింపనిచో నీరు సరిగా ఆ ఖాళీ నుండియే ఉరికి, ఇరుప్రక్కల కుదుళ్ళను కూడ కోయును. పండ్లు ఊడిన దువ్వెన పేలను పట్టదు గదా. రెండు మూడు వానకాలములు ఇట్లు కాచినచో వరుస మూసికొనును. తరువాత ఏడాదికి రెండు మూడు మారులు మోకాలి యెత్తునకు కోయుచుండిన చాలును. కోసినకొలది పిలకలు వేసి చిక్కనగును. కోసిన ఆకు లేతదైనచో పశువులు తినును, ముదిరినచో కప్పునకును, చెట్ల పాదులలో పఱచుటకును పనికివచ్చును. మఱియొక మేలు కూడ కలదు: జొన్నను, మొక్కజొన్నను తొలుచు కాండపు పురుగు రెక్కలపురుగులు వట్టివేరుపై గ్రుడ్లు పెట్టుననియు, పిల్లపురుగులు దానిపై బ్రతుకజాలవనియు దక్షిణాఫ్రికాలో పరిశీలించి కనుగొనిరి.

వేళ్ళు అమ్ముకొను ఆశ గలవారికి ఒక్క మాట గట్టిగా చెప్పవలసి యున్నది. గట్టుమీది వరుసను వేళ్ళకై త్రవ్వరాదు. మేమెఱిగిన యొక గ్రామమున మంచి ధర వచ్చినదని ఒక వేసవిలో వరుసలను త్రవ్వి అమ్మిరి. వదులైన ఆ కందకముల వెంటనే తొలకరి నీరు దారి చేసికొనెను. పదేండ్లు నిలిపిన మట్టి రెండు వానలలో వాగు పాలయ్యెను. జావా ద్వీపపు గారుత్ కొండలలో నూనెకై వాలులపై దీనిని పెంచి త్రవ్వుటచేత మట్టికోత కలుగుట కూడ తెలిసినదే. వేరు పంట వలయునన్నచో వాలు లేని ఇసుకనేలలో వేఱుగా వేయుడు. ఇసుకలో వేరు తెగక శుభ్రముగా వచ్చును, ఏడాదిన్నరకు త్రవ్వవచ్చును. ఎండిన వేరునుండి వచ్చు నూనె నూటికి ఒకటి ప్రాంతము మాత్రమే, బట్టీ పట్టుటకు పగలును రాత్రియు నిప్పు మండుచుండవలెను. కావున నూనె సంగతి కొనువాడు కుదిరిన పిమ్మటనే తలపెట్టవలెను. నూనెకై కేంద్రీయ ఔషధ సుగంధ సస్య సంస్థవారు ధారిణి, గులాబి, కేసరి మొదలగు రకములను విడుదల చేసియున్నారు.

దొడ్డిలో అందమునకు నాటువారు గోడ వెంట మూడడుగులకొక కుదురు పెట్టి, కత్తిరింపక పెంచినచో ఊదారంగు కంకులు చూడముచ్చటగా నుండును. పూరింటికి దగ్గఱగా మాత్రము నాటరాదు. వేసవిలో ఎండిన ఆకు నిప్పురవ్వకు వేచియుండును. ఫాల్గుణము వెళ్ళకముందే మొదలంట కోయవలెను. ఏ గుబురైనను పురుగు పుట్రకు చోటిచ్చును గనుక వాకిటికి పదిగజముల దూరముననుంచి, క్రింది ఎండుటాకు దులుపుచుండుడు. మునిసిపల్ కాలువ గాని, స్నానపు నీరు గాని పోవుచోట పెట్టినచో ఆ నీటిని త్రాగి నేలను ఆరవేయును.

పిలకలను దూరమునుండి తెచ్చువారు తడి గోనెసంచిలో చుట్టి, నీడను ఉంచి తేవలెను. వచ్చిన రెండు దినములలో నాటుడు. అంతలో వాన ముఖము చాటువేసినచో వేళ్ళు మునుగునట్లు పలుచని పేడనీటిలో నిలిపి, చెట్టునీడను ఉంచినచో వారము పది దినములు నిలుచును. తెల్లని క్రొత్తవేళ్ళు కనబడిన తునుకలనే ముందుగా పొలమునకు తీసికొనిపోవలెను.